జెరోధా 20 రూపాయలకు ఎలా గిట్టించుకుంది? ఒక పాత సబ్ బ్రోకర్ జవాబు

మీరడిగింది మూడు విషయాలు. బయటివాళ్ల పెట్టుబడి లేకుండా, టీవీ ప్రకటనలు లేకుండా జెరోధా అంత పెద్ద బ్రోకింగ్ సంస్థ (జనం తరఫున షేర్లు కొని, అమ్మిపెట్టేది) ఎలా అయింది? ఆర్డరుకు 20 రూపాయలు తీసుకుంటే వాళ్లకు ఏం మిగులుతుంది? ఇప్పుడు మన ఊళ్లో బ్రోకింగ్ ఆఫీసు తెరిస్తే నడుస్తుందా? మూడోది నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్న సంగతి, చివర్లో చెప్తాను.

1999 నుంచి 2014 దాకా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ముంబై సంస్థకు సబ్ బ్రోకర్‌గా, అంటే వాళ్ల పేరు మీద ఊళ్లో కస్టమర్లను చూసుకునే ఏజెంటుగా చేశాను. మేడ మీద ఎక్స్ఛేంజీతో కలిపే వీశాట్ (శాటిలైట్) డిష్, లోపల రెండు టెర్మినళ్లు, ఎదురుగా ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. అప్పట్లో చాలా ఆఫీసుల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు ఓడిన్. "పేరులోనే ఉంది కదండీ, ఓడక ఏం చేస్తాం" అని కస్టమర్లు జోకులేసేవాళ్లు. వచ్చిన బ్రోకరేజీలో 60 శాతం నాది, 40 శాతం పైవాళ్లది.

ఆ రోజుల్లో రేట్లు ఎలా ఉండేవో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. డెలివరీకి, అంటే షేర్లు కొని ఖాతాలో దాచుకోవడానికి, అర శాతం. లక్ష రూపాయల షేర్లు కొంటే 500, అమ్మితే మళ్లీ 500. ఆప్షన్లకు (షేరునో సూచీనో ముందే అనుకున్న ధరకు కొనే, అమ్మే హక్కులు) మా దగ్గర లాటుకు, అంటే ఒక కట్టకు, 50 రూపాయలు, కొన్నిచోట్ల 100 కూడా. ఎవరూ పెద్దగా అడిగేవాళ్లు కాదు. మేం టీ ఇప్పిస్తాం, బాగోగులు కనుక్కుంటాం, షేర్లు బదిలీ చేయాల్సి వస్తే డీఐఎస్ స్లిప్పు మేమే నింపి సంతకం చోట పెన్సిల్‌తో ఇంటూ పెట్టి ఇస్తాం. అర శాతంలో ఇవన్నీ కలిసే ఉంటాయని అందరూ అనుకునేవాళ్లు.

2013లో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ గారు కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు ట్రేడ్ల బిల్లు) పట్టుకుని వచ్చారు. రోజూ నిఫ్టీ ఆప్షన్లు పది లాట్లు కొని, సాయంత్రం లోపు అమ్మేసే అలవాటు ఆయనది. నా టేబుల్ మీద క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశారు. పది లాట్లు, లాటుకు 50, కొనడానికి 500, అమ్మడానికి 500. రోజుకు వెయ్యి. నెలకు 20 రోజులంటే 20 వేలు. దాని పక్కనే ఇంకో వరుస: ఆర్డరుకు 20, రోజుకు 40, నెలకు 800. "బెంగళూరు కంపెనీ అట. మీరేమంటారు?" అన్నారు. నా వాటా 12 వేలు పోతోంది, ఆఫీసు అద్దె 9 వేలు. ఏమంటాను? "అంత తక్కువకు ఎవరూ ఇవ్వలేరండీ, రేపు డబ్బుతో మాయమైతే?" అన్నాను. నిజంగానే అలా నమ్మాను కూడా. ఆయన ఆ వారమే ఫారం పంపించేశారు.

ఆ బెంగళూరు కంపెనీ 2010 ఆగస్టు 15న మొదలైంది. పెట్టింది నితిన్ కామత్, తమ్ముడు నిఖిల్ కామత్‌తో కలిసి. నితిన్‌కు ఎంబీఏ గానీ ఫైనాన్స్ నేపథ్యం గానీ లేదు. పదిహేడేళ్ల వయసు నుంచే ట్రేడింగ్, రాత్రిళ్లు కాల్ సెంటర్ ఉద్యోగం, తర్వాత రిలయన్స్ మనీకి సబ్ బ్రోకర్. అంటే నా బాపతే. తేడా ఎక్కడంటే నేను బ్రోకరేజీ తీసుకునే వైపు నుంచి మాత్రమే చూశాను, ఆయన కట్టే వైపు నుంచి కూడా చూశాడు. రోజుకు పదిసార్లు కొని అమ్మేవాడికి లాభనష్టాల కంటే ముందు బ్రోకరేజీయే ఎలా కొరుక్కు తింటుందో ట్రేడర్‌గా ఆయనకు తెలుసు. వెయ్యి షేర్ల ఆర్డరైనా, పది షేర్ల ఆర్డరైనా బ్రోకర్‌కు అయ్యే ఖర్చు దాదాపు ఒకటేనని సబ్ బ్రోకర్‌గా తెలుసు. శాతం తీసేసి ఆర్డరుకు ఇంత అనడం ఈ రెండూ తెలిసినవాడికి తట్టే ఆలోచన. జీరోకు సంస్కృతంలోని 'రోధ' కలిపి, అడ్డంకి లేనిది అనే అర్థంలో పేరు పెట్టారు.

దీన్ని ఆయన కనిపెట్టలేదు. అమెరికాలో 1975 మే 1న స్థిర కమీషన్లు ఎత్తేసిన రోజు నుంచే డిస్కౌంట్ బ్రోకర్లు ఉన్నారు. మన దగ్గర అంత ఆలస్యం ఎందుకైందంటే, దానికి ముందు రోడ్డు పడాలి. 1994 నవంబర్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ)లో షేర్ల ట్రేడింగ్ కంప్యూటర్ తెర మీద మొదలైంది, రింగులో నిలబడి అరవడం పోయింది. 1996లో షేర్లను కాగితం బదులు కంప్యూటర్ ఖాతాలో ఉంచే డీమ్యాట్ వచ్చింది, సంతకం కలవలేదని సర్టిఫికెట్లు వెనక్కి రావడం క్రమంగా తగ్గింది. 2000లో ఇంటర్నెట్ ట్రేడింగ్‌కు అనుమతి, 2000-01లో ఇండెక్స్ ఫ్యూచర్స్, ఆప్షన్స్. దేశమంతా ఒకే తెర అయ్యాక ఊరూరా ఉన్న ఎక్స్ఛేంజీలకు పని లేకుండా పోయింది. మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ గుర్తింపు 2007లో పోయింది. ఎక్స్ఛేంజీలకు పట్టిన గతే నాలాంటి సబ్ బ్రోకర్లకూ పడుతుందని అప్పుడే గ్రహించాల్సింది. గ్రహించలేదు.

జెరోధా ఆ రోడ్డు మీద చాలా పొదుపుగా బండి నడిపింది. మొదట్లో సొంత సాఫ్ట్‌వేర్ లేదు. బ్రోకర్లకు ఎన్‌ఎస్‌ఈ ఉచితంగా ఇచ్చే 'నౌ' అనే ప్లాట్‌ఫారాన్నే కస్టమర్లకు ఇచ్చారు. పెద్ద సంస్థలు లైసెన్సులకు, బ్రాంచీలకు, రిలేషన్‌షిప్ మేనేజర్ల జీతాలకు పోసే డబ్బు వీళ్లకు అవసరం పడలేదు. బ్రాంచీ లేదు, సలహా లేదు, 'రేపు ఇది పెరుగుతుంది' అని ఫోన్ చేసే మనిషి లేడు. మా పై సంస్థ నుంచి నాకు ప్రతి సోమవారం టార్గెట్ వచ్చేది: ఈ వారం ఇంత బ్రోకరేజీ రావాలి అని. ఆ టార్గెట్ కోసమే ఎంతమందితో అక్కర్లేని ట్రేడ్లు చేయించానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. జెరోధాలో అసలు సేల్స్ టార్గెట్లే పెట్టలేదు. మంచితనమే అనుకోనక్కర్లేదు, అమ్మేవాళ్ల సైన్యం లేకపోవడం వాళ్ల ధరకు పునాది.

మొదటి మూడునాలుగేళ్లు నెమ్మదిగానే పెరిగింది. 20 రూపాయలంటే జనం సంతోషించడానికి ముందు అనుమానించారు, నాలాగే. నితిన్ స్వయంగా ట్రేడర్ల ఫోరంలలో కూర్చుని మార్జిన్ల మీద, పన్నుల మీద ప్రశ్నలకు జవాబులు రాసేవాడు. 60 రోజుల చాలెంజ్ అని ఒకటి పెట్టారు: 60 రోజుల తర్వాత లాభంలో ఉంటే కట్టిన బ్రోకరేజీ వాపసు. ఖాతా తెరవడమంటే అప్పట్లో చిన్న పుస్తకమంత ఫారం ప్రింటు తీసి, అడిగినచోటల్లా సంతకాలు పెట్టి, పవర్ ఆఫ్ అటార్నీ (మన ఖాతాలోని షేర్లను బ్రోకర్ కదపొచ్చనే అధికార పత్రం) జతచేసి బెంగళూరుకు కొరియర్ చేయడం. ఒక్క సంతకం తేడా వచ్చినా మళ్లీ కొరియర్. అయినా పంపించారంటే మా అర శాతం ఎంత మంట పెట్టి ఉండాలి!

2013లో కైలాష్ నాద్ టెక్నాలజీ బాధ్యతలు తీసుకున్నాడు. నా దృష్టిలో కంపెనీ జీవితంలో ఇదే అసలు మలుపు, బయటివాళ్లు దీన్ని తక్కువగా చెప్తారు. అప్పటికి బ్రోకర్లందరూ ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర అద్దెకు తెచ్చుకున్న తెరలే వాడుతున్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా అదే ఎరుపు, నీలం గళ్ల తెర. 2015లో జెరోధా తన సొంత 'కైట్' తెచ్చింది. తెల్లటి తెర, కావాల్సిన నాలుగు బటన్లు, నెట్ సరిగా లేకపోయినా తెరుచుకునేంత తేలిక. పదుల లక్షల మంది వాడే ఆ వ్యవస్థను ముప్పై మందికి కాస్త అటూ ఇటూగా ఉన్న బృందం నడిపింది, అదీ చాలావరకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద. కస్టమర్లు పదింతలైనా ఖర్చు పదింతలు కాకపోవడానికి కారణం అదే. నా ఆఫీసులో కస్టమర్లు రెండింతలైతే నాకు ఇంకో డీలర్, ఇంకో టెర్మినల్, ఇంకో నాలుగు కుర్చీలు కావాలి.

దాదాపు అదే కాలంలో కార్తీక్ రంగప్ప రాసిన 'వర్సిటీ' పాఠాలు ఉచితంగా పెట్టారు. ప్రకటనలు లేకుండా ఎలా పెరిగారు అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఆప్షన్ అంటే ఏమిటి అని గూగుల్‌లో వెతికిన కుర్రాడు అక్కడికే చేరాడు. చదువుకున్నవాడు ఖాతా అక్కడే తెరిచాడు. మిగతా సగం రెఫరల్: తెచ్చిన స్నేహితుడి బ్రోకరేజీలో పదో వంతు తెచ్చినవాళ్లకు ఇచ్చేవాళ్లు. మేం 60 శాతం తీసుకుని చేసిన పనిని వాళ్ల కస్టమర్లే 10 శాతానికి చేసిపెట్టారన్నమాట.

2015 డిసెంబర్‌లో డెలివరీకి బ్రోకరేజీ పూర్తిగా తీసేశారు. కొని దాచుకునేవాళ్లకు సున్నా. నేను అప్పటికే షాపు మూసేశాను కానీ వార్త విని నిజంగా తల తిరిగింది. 2016 నుంచి ఆధార్ ఓటీపీతో కేవైసీ, ఈ-సైన్ వచ్చాయి. కొరియర్ చేయాల్సిన ఫారం పావుగంట పని అయింది. 2018 సెప్టెంబర్‌లో ఆధార్‌పై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైవేటు సంస్థలకు ఆ దారి మూసుకుపోయి కొంతకాలం మళ్లీ కాగితాలు పంపాల్సి వచ్చింది. అయినా ఊపు ఆగలేదు. 2019 మొదట్లో ఐసీఐసీఐ డైరెక్ట్‌ను దాటి యాక్టివ్ కస్టమర్ల లెక్కలో దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. వెనక బ్యాంకు ఉన్న సంస్థను, ఒక్క రూపాయి వెంచర్ పెట్టుబడి లేని సంస్థ దాటేసింది.

ఆ ఏడాది చివర్లోనే హైదరాబాద్ దెబ్బ తగిలింది. హైదరాబాద్ సంస్థ కార్వీ అంటే తెలుగువాళ్లకు బ్రోకింగ్‌లో ఇంటింటా తెలిసిన పేరు. 2019 నవంబర్ 22న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం వచ్చింది, కస్టమర్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారని. ఆ తర్వాత 80 వేల మందికి పైగా ఖాతాల్లోకి షేర్లు తిరిగి చేరాయి. పాతది, పెద్దది, మనూరిది కాబట్టి భద్రం అనే లెక్క అక్కడితో చెరిగిపోయింది. పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉంటే బ్రోకర్ ఏం చేయగలడో జనానికి తెలిసింది. నేను ఆ లెక్చరర్ గారికి చెప్పిన 'మాయమైతే' అన్న భయం నిజమే, కానీ అది వచ్చింది నేను వేలు చూపించిన వైపు నుంచి కాదు. 2020 నుంచి తాకట్టుకు కస్టమర్ ఓటీపీ ఉండాల్సిందే అన్న పద్ధతి వచ్చింది.

కోవిడ్ కాలం గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసిందే. 2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్లు, 2022 ఆగస్టుకు 10 కోట్లు. ఆ వరదలో జెరోధా వాటా పెద్దది. ఇలాంటి వరదలో యాప్‌లు ఆగిపోయి, జనం అరిచిన రోజులు దానికీ ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఎదురుగా కూర్చుని తిట్టించుకోవడానికి ఒక సబ్ బ్రోకర్ ఉంటే బావుండునని అనిపించి ఉంటుంది జనానికి.

ఇక అసలు లెక్క, మీ రెండో ప్రశ్న. 2022-23లో జెరోధా ఆదాయం 6,875 కోట్లు, లాభం 2,907 కోట్లు. మరుసటి ఏడాది ఆదాయం దాదాపు 8,320 కోట్లు, లాభం 4,700 కోట్లు. డెలివరీకి సున్నా తీసుకునే కంపెనీకి వంద రూపాయల ఆదాయంలో యాభైకి పైగా లాభం ఎక్కడిది?

ఆప్షన్ల నుంచి. 2016 మేలో బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లకు వారం వారం ఎక్స్‌పైరీ (గడువు ముగిసే రోజు) మొదలైంది, 2019 ఫిబ్రవరిలో నిఫ్టీకి వచ్చింది. అంతకుముందు నెలకోసారి ఉండే జాతర వారానికోసారి అయింది. ఒక చిన్న లెక్క చూడండి. 2022లో నిఫ్టీ లాటు అంటే 50 యూనిట్లు. ప్రీమియం, అంటే యూనిట్ ధర, 30 రూపాయలున్న ఆప్షన్ ఒక లాటు కొంటే పెట్టుబడి 1,500. దాని మీద 20 రూపాయలంటే 1.33 శాతం. అమ్మేటప్పుడు మళ్లీ 20. నా అర శాతమే మంట పెట్టిందని పైన అన్నాను కదా! పది లాట్లు వేసే లెక్చరర్ గారికి 20 రూపాయలు చౌక. ఒక్క లాటు వేసే కుర్రాడికి కాదు. అతనికి అది 20 రూపాయల్లా, ఒక కాఫీ ఖరీదులా కనిపిస్తుంది కాబట్టి రోజుకు పదిసార్లు నొక్కుతాడు.

ఆ కుర్రాళ్ల సంగతి సెబీ అధ్యయనంలో ఉంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. కాబట్టి మీరు ఉచితంగా షేర్లు కొని దాచుకుంటున్నారంటే ఆ ఖర్చు ఎవరో కడుతున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం. పాత పద్ధతిలో మా నాన్న వయసువాళ్లు షేర్లు కొని అర శాతం కట్టి మమ్మల్ని పోషించారు. కొత్త పద్ధతిలో వాళ్ల మనవళ్లు అప్పట్లో ఎక్స్‌పైరీ పడే గురువారం మధ్యాహ్నాలు ఆప్షన్లు కొని తాతల షేర్లకు చార్జీ లేకుండా చేశారు. జెరోధా వాళ్లు యాప్‌లో 'కిల్ స్విచ్' కూడా పెట్టారు, చేయి ఆగనివాళ్లు తమ ట్రేడింగ్‌ను తామే కాసేపు ఆపేసుకోవచ్చు. మందు షాపువాడే తాళంచెవి ఇచ్చినట్టుంటుంది నాకది. అయినా ఇవ్వనివాడి కంటే నయం.

దీంతో పాటు కనిపించని ఆదాయం ఒకటి ఉండేది. ఎక్స్ఛేంజీ లావాదేవీ చార్జీలకు శ్లాబులుండేవి, నెల టర్నోవర్ పెరిగేకొద్దీ బ్రోకర్ కట్టే రేటు తగ్గేది. కస్టమర్ దగ్గర పై రేటు వసూలు, ఎక్స్ఛేంజీకి కింది రేటు చెల్లింపు, తేడా బ్రోకర్‌ది. హోల్‌సేల్ షాపు పద్ధతే, అన్ని పెద్ద బ్రోకర్లూ చేసిందే. 2024 అక్టోబర్ 1 నుంచి సెబీ ఇది ఆపేసింది. దానివల్ల తమ ఆదాయంలో సుమారు పదో వంతు పోతుందని నితినే బయటికి చెప్పాడు. ఆ నవంబర్ నుంచి ఎక్స్ఛేంజీకి ఒక్క వీక్లీ ఎక్స్‌పైరీ మాత్రమే, ఒక కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలకు పెంపు. 2024-25లో జెరోధా ఆదాయం, లాభం రెండూ తగ్గాయి. ఏంజెల్ వన్ అనే ఇంకో బ్రోకర్ డెలివరీకి మళ్లీ చార్జీ పెట్టింది, జెరోధా సున్నాను అలాగే ఉంచింది. ఎన్నాళ్లు ఉంచుతుందో ఆప్షన్ల ఆదాయాన్ని బట్టి ఉంటుందని నా అంచనా.

మొదటి స్థానం కూడా ఇప్పుడు దానిది కాదు. 2023 సెప్టెంబర్ నాటికి యాక్టివ్ కస్టమర్లలో గ్రో అనే ఇంకో బ్రోకింగ్ యాప్ దాన్ని దాటేసింది. మ్యూచువల్ ఫండ్స్‌తో మొదలుపెట్టి, పెట్టుబడులు తెచ్చుకుని, ప్రకటనలు గుప్పించి, 2025 నవంబర్‌లో షేర్ మార్కెట్‌లో లిస్ట్ కూడా అయింది. బయటివాళ్ల డబ్బు లేకపోవడంలో సుఖం ఇక్కడే తెలుస్తుంది: ఈ త్రైమాసికంలో లాభం ఎందుకు తగ్గిందని కామత్ సోదరులను నిలదీసే ఇన్వెస్టర్ లేడు. టార్గెట్ లేని సబ్ బ్రోకర్ బతుకు అన్నమాట, కాస్త పెద్ద సైజులో.

ఇక ఆఫీసు సంగతి. కొనడం, అమ్మడం మీద వచ్చే కమీషన్ నమ్ముకుని మాత్రం అద్దెకు గది తీసుకోకండి. ఇప్పుడు సబ్ బ్రోకర్ అనే పేరు కూడా లేదు, ఆథరైజ్డ్ పర్సన్ అంటారు. ఏ సంస్థ కిందికి వెళ్లినా కస్టమర్ చేతిలో ఫోన్ ఉంటుంది, మీ కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మన జిల్లాల్లో పని మాత్రం ఇంకో చోట ఉంది. ఇనప్పెట్టెల్లో పాత కాగితపు షేర్ సర్టిఫికెట్లు ఇంకా చాలా ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం మీద అమ్మకం బదిలీలు లేవు, డీమ్యాట్ చేయాల్సిందే. చనిపోయినవాళ్ల షేర్లు వారసుల పేర మార్చడం, ఏడేళ్లు డివిడెండ్ తీసుకోక ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోయిన షేర్లు వెనక్కి తెప్పించడం, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఉన్న రికార్డులు సరిచేయించడం, వీటికి యాప్ లేదు. ఓపిక, స్టాంపు పేపర్లు, కంపెనీ షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఆఫీసుకు ఉత్తరాలు కావాలి.

పోయినేడాది ఆ లెక్చరర్ గారి అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. నాన్నగారు పోయారు, జెరోధా ఖాతాలో నామినీ ఉన్నాడు కాబట్టి అది పెద్ద ఇబ్బంది లేకుండా అయిపోయింది, కానీ బీరువాలో 1990ల నాటి సర్టిఫికెట్లు పధ్నాలుగు దొరికాయి, ఏం చేయాలి అంకుల్ అని. ఎనిమిది నెలలు పట్టింది. పన్నెండు అయ్యాయి, రెండిటికి ఇంకా సంతకం కలవలేదంటున్నారు.